ఆటల ముచ్చట్లు: బోర్న్‌మత్ ఎర్రమట్టి పోటీ

పిల్లలూ, ఇల్లు కట్టేచోట పగిలిన ఇటుకల కింద ఎర్రని పొడి పరుచుకుని వుండటం మీరు చూసే వుంటారు. ఆ పొడిలో ఆడి, కాళ్ళనిండా ఎరుపుతో ఇంటికి వచ్చి అమ్మచేత చీవాట్లు తినని వాళ్ళు మీలో తక్కువమందే వుంటారు. మేస్త్రీలు దాన్ని సుర్కీ అంటారు. పూర్వం సున్నంలో కలిపి గోడలు కట్టేవారు. ఈ నెల ముచ్చట కూడా అలాంటి ఎర్రపొడిమీద జరిగినదే. అయితే మన దేశంలో కాదు. ఇంగ్లండు దక్షిణ తీరాన బోర్న్‌మత్ అని ఒక పట్నం వుంది. అక్కడ ఏటా వసంతకాలంలో ఒక టెన్నిస్ పోటీ జరిగేది. ఇప్పుడు జరగటం లేదు.

ఆ పోటీ పేరు బ్రిటిష్ హార్డ్‌కోర్ట్ చాంపియన్‌షిప్స్. హార్డ్ అంటే గట్టిది గదా, మరి మట్టి సంగతి ఎందుకు వచ్చింది అని మీరు అడగవచ్చు. ఈనాడు హార్డ్‌కోర్టు అంటే సిమెంటులాగా గట్టిగా వుండే కోర్టే. కాని ఆ రోజుల్లో ఇంగ్లండులో టెన్నిస్ అంటే పచ్చగడ్డిమీద ఆడేది. గడ్డి కానిదల్లా వాళ్ళ లెక్కలో గట్టిదే! అందుచేత ఎర్రమట్టి కోర్టుకు కూడా హార్డ్‌కోర్టు అనే పేరు పడింది.

ఈ కోర్టు వెయ్యటం మీరనుకున్నంత సులభం కాదు. అడుగున రాళ్ళూ, వాటిపైన చిన్న కంకరా పరుస్తారు. వాన నీరు ఆగకుండా దిగిపోవటానికి ఇది అవసరం. అన్నిటికన్నా పైన, కాల్చిన మట్టిని మెత్తగా దంచిన పొడిని పలచగా పోసి, నీళ్ళు చల్లి, రోలరు దొర్లిస్తారు. ఆ పొడి ఎండితే దుమ్మై లేచిపోతుంది, మరీ తడిస్తే బురదవుతుంది. అందుచేత దాన్ని పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటూ వుండాలి.

నేల మారితే ఆట ఎందుకు మారుతుంది? ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. రబ్బరు బంతిని నున్నటి గచ్చుమీద ఏటవాలుగా విసరండి. అది పెద్దగా పైకి లేవకుండా జర్రున జారిపోతుంది. అదే బంతిని అదే వూపుతో గరుకుగా వున్న డాబామీద విసరండి. నేల దాన్ని ఒక్క క్షణం పట్టుకున్నట్టవుతుంది. బంతి ముందుకు పోయే వేగం తగ్గుతుంది, నిలువుగా పైకి లేస్తుంది. గడ్డికోర్టు మీ గచ్చులాంటిది, మట్టికోర్టు మీ డాబాలాంటిది. గడ్డిమీద బలంగా కొట్టిన బంతి అవతలివాడికి అందకుండా పోతుంది. మట్టిమీద అదే బంతిని పరుగెత్తి అందుకోవటానికి అతనికి వ్యవధి దొరుకుతుంది. అందువల్ల మట్టికోర్టులో ఒక్కొక్క పాయింటూ చాలాసేపు సాగుతుంది. ఓపిక లేనివాడు అక్కడ నెగ్గలేడు. ఇంకో తమాషా ఏమంటే, బంతి పడినచోట పొడిలో మచ్చ మిగులుతుంది. గీత లోపల పడిందా, బయట పడిందా అని తగువు వస్తే అంపైరు దిగివచ్చి ఆ మచ్చ చూస్తాడు.

ఇక పోటీ సంగతికి వద్దాం. అది 1924లో టార్కీ అనే మరో సముద్రతీరపు వూళ్ళో మొదలయింది. 1927లో బోర్న్‌మత్‌లోని వెస్ట్ హాంట్స్ క్లబ్బుకు మారింది. హాంట్స్ అనేది హాంప్‌షైర్ జిల్లాకు పొట్టిపేరు. 1974లో సరిహద్దులు మార్చి ఆ పట్నాన్ని డార్సెట్ జిల్లాలో కలిపారు. క్లబ్బు మాత్రం పాతపేరు వదులుకోలేదు!

ఆ కోర్టులమీద గొప్ప పేరు సంపాదించినవాడు ఫ్రెడ్ పెర్రీ. 1932 నుంచి 1936 దాకా వరసగా అయిదేళ్ళు ఆయనే గెలిచాడు. 1934, 1935, 1936లలో వింబుల్డన్‌లో కూడా ఆయనదే గెలుపు. ఇంగ్లండు ప్రజలు ఆయన్ను నెత్తిన పెట్టుకున్నారు. కాని 1936 చివర పెర్రీ ఒక పని చేశాడు. ఆడినందుకు డబ్బు పుచ్చుకునేందుకు ఒప్పుకున్నాడు. అంతే! ఆ మరుసటి ఏడు బోర్న్‌మత్‌లో గాని, వింబుల్డన్‌లో గాని ఆడేందుకు ఆయనకు వీలు లేకపోయింది. వింబుల్డన్ క్లబ్బు ఆయనకిచ్చిన గౌరవ సభ్యత్వాన్ని కూడా తీసేసింది.

ఇదేం న్యాయం అంటారా? అప్పటి రూలు అది. డబ్బు పుచ్చుకోకుండా ఆడేవారిని అమెచ్యూర్లనీ, డబ్బుకు ఆడేవారిని ప్రొఫెషనల్సు అనీ అనేవారు. పేరుపడ్డ పోటీలన్నీ అమెచ్యూర్లకే. మన నాటకాలవాళ్ళలోనూ ఈ రెండు రకాలూ వున్నారు. సురభివారు తరతరాలుగా నాటకమే బ్రతుకుతెరువుగా పెట్టుకున్నారు. గుమాస్తాలూ, మాస్టార్లూ పగలు పని చేసుకుని రాత్రి వేషం కడతారు. కాని సురభివారిని రంగస్థలం ఎక్కవద్దని ఎవరూ అనలేదు. టెన్నిస్‌లో అన్నారు!

ఈ రూలువల్ల ఎంత అన్యాయం జరిగిందో చూడండి. అమెరికావాడైన పాంచో గొంజాలెజ్ 1949లో ప్రొఫెషనల్ అయినాడు. అది మొదలు 1967 దాకా పద్దెనిమిది వింబుల్డన్ పోటీలు ఆయన లేకుండానే జరిగాయి. ఆస్ట్రేలియావాడు కెన్ రోజ్‌వాల్ 1957 నుంచి పదకొండు పోటీలకు దూరమయాడు. మరో ఆస్ట్రేలియావాడు రాడ్ లేవర్ 1962లో నాలుగు పెద్ద పోటీలనూ ఒక్క ఏడాదిలోనే గెలిచి, ఆ తర్వాత ప్రొఫెషనల్ అయి, అయిదేళ్ళు బయటే వున్నాడు. వీళ్ళు వూరూరా తిరిగి, తమలో తాము ఆడుకుని పొట్టపోసుకునేవారు. ఇక లోపలవున్న అమెచ్యూర్లంతా డబ్బు ముట్టనివాళ్ళా అంటే, అదీ కాదు. చాలామందికి ఖర్చుల పేరుతో చాటుమాటుగా డబ్బు ముట్టేది. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసీ తెలియనట్టు వూరుకునేవారు. నన్నడిగితే, డబ్బు పుచ్చుకోవటంకన్నా ఈ నటనే తప్పు అంటాను.

చివరకు 1967 డిసెంబరులో బ్రిటిష్ టెన్నిస్ సంఘమే తెగించి, తమ దేశంలో ఈ తేడా వుండదని తీర్మానం చేసింది. అంతర్జాతీయ సంఘం కొన్నాళ్ళు కళ్ళెర్ర చేసింది కాని, 1968 మార్చి 30న పారిస్‌లో సమావేశమై, ఆ ఏడు పన్నెండు పోటీలలో అందరూ ఆడవచ్చని ఒప్పుకుంది. అలాంటి పోటీని ఓపెన్, అంటే తలుపులు తెరిచిన పోటీ, అన్నారు. మొట్టమొదట ఏ పోటీ తలుపు తెరవాలి? వింబుల్డన్ జూన్‌లో గాని రాదు. బోర్న్‌మత్ పోటీ ఏప్రిల్‌లోనే వుంది. ఆ విధంగా, ఎవరూ పోటీపడి అడగకుండానే, ఆ గౌరవం ఎర్రమట్టి కోర్టుకు దక్కింది.

1968 ఏప్రిల్ 22, సోమవారం. ఆకాశమంతా మబ్బు, సన్నని తుంపర. మధ్యాహ్నం 1 గంట 43 నిమిషాలకు ఆట మొదలయింది. ఒకవైపు జాన్ క్లిఫ్టన్ అనే బ్రిటిష్ అమెచ్యూరు. రెండోవైపు ఆస్ట్రేలియాకు చెందిన ప్రొఫెషనల్ ఓవెన్ డేవిడ్‌సన్. మొదటి పాయింటు క్లిఫ్టన్‌కు వచ్చింది. మాచ్ మాత్రం డేవిడ్‌సన్ గెలిచాడు.

ఎల్లుండికే అసలు వింత జరిగింది. గొంజాలెజ్‌కు అప్పుడు నలభై ఏళ్ళు నిండవస్తున్నాయి. ఎన్నో ఏళ్ళు ప్రొఫెషనల్సులో ఆయన్ను మించినవాడు లేడు. ఆయనకు ఎదురు నిలిచినవాడు మార్క్ కాక్స్, ఇరవైనాలుగేళ్ళ ఎడమచేతివాటం ఆటగాడు, కేంబ్రిడ్జిలో చదువుకున్న అమెచ్యూరు. మొదటి సెట్టులో గొంజాలెజ్ ఆరు గేములు గెలిస్తే కాక్స్ ఒక్కటైనా గెలవలేదు. చూసేవాళ్ళు, ఇక అయిపోయిందిలే అనుకుని వుంటారు. కాని అయిదు సెట్లలో మూడు గెలిస్తే చాలు గదా! కాక్స్ రెండోది 6-2తో గెలిచాడు. మూడోది 4-6తో పోయింది. నాలుగోది 6-3. అయిదోది 6-3. ఓపెన్ పోటీలో ఒక అమెచ్యూరు ప్రొఫెషనల్‌ను ఓడించటం అదే మొదలు. బంతి నెమ్మదిగా వచ్చే మట్టిమీద యువకుడి కాళ్ళకు ఎంత లాభమో మీ డాబా పరీక్ష చేసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

కాక్స్ అంతటితో ఆగలేదు. తర్వాతి మాచ్‌లో రాయ్ ఎమర్సన్ అనే మరో మేటిని 6-0, 6-1, 7-5తో ఓడించాడు. సెమీఫైనల్లో మాత్రం లేవర్ అతన్ని 6-4, 6-1, 6-0తో సాగనంపాడు. అమెచ్యూరుగా ఆడాడు కనక కాక్స్‌కు బహుమతి సొమ్ము లేదు.

ఫైనల్లో రోజ్‌వాల్, లేవర్ తలపడ్డారు. రోజ్‌వాల్‌కు ముప్ఫైమూడేళ్ళు, మనిషి పొట్టి. లేవర్ అతనికన్నా దాదాపు నాలుగేళ్ళు చిన్న. మొదటి సెట్టు పోగొట్టుకుని కూడా రోజ్‌వాల్ 3-6, 6-2, 6-0, 6-3తో గెలిచాడు. ఆయనకు 1,000 పౌన్లూ, లేవర్‌కు 500 పౌన్లూ ఇచ్చారు. అందరి ఎదుటా, దాపరికం లేకుండా!

ఆడవాళ్ళ పోటీలో వర్జీనియా వేడ్ గెలిచింది. అప్పటికి ఆమెకు ఇరవైరెండేళ్ళు. ఆమె పుట్టింది కూడా బోర్న్‌మత్‌లోనే. తండ్రి అక్కడి చర్చిలో మతాధికారి. ఆమె ఏడాది పిల్లగా వుండగా ఆ కుటుంబం దక్షిణాఫ్రికాకు వెళ్ళిపోయింది. పెద్దయాక తిరిగివచ్చి, తాను పుట్టిన వూళ్ళో విన్నీ షాను 6-4, 6-1తో ఓడించింది. ఆమె బహుమతి 300 పౌన్లు. మగవాళ్ళకు వెయ్యి, ఆడవాళ్ళకు మూడువందలా అని మీలో ఆడపిల్లలు అడుగుతారని నాకు తెలుసు. అడగవలసిన ప్రశ్నే! ఆడవాళ్ళూ అడిగారు, కాని నాలుగు పెద్ద పోటీలలోనూ సమానంగా ఇచ్చేసరికి 2007 వచ్చింది. పైగా వేడ్ ఆ మూడువందలు కూడా పుచ్చుకోలేదు. ఆమె ఇంకా అమెచ్యూరుగానే ఆడుతున్నది. తలుపు తెరిచారు గాని, గడప దాటాలా వద్దా అనే సందేహం అప్పటికి చాలామందికి తీరలేదు. కొద్దినెలలు తిరక్కుండానే, అదే ఏడు అమెరికా ఓపెన్‌లో ఆమె బిల్లీ జీన్ కింగ్‌ను ఓడించి గెలిచింది. ఈసారి బహుమతి 6,000 డాలర్లు. వాటిని వదులుకోలేదు. 1977లో వింబుల్డన్ కూడా గెలిచింది.

ఇంత పేరు తెచ్చుకున్న పోటీ ఎందుకు ఆగిపోయింది? తలుపు తెరవగానే డబ్బు లోపలికి వచ్చింది. వచ్చిన డబ్బు ఒకచోట నిలవదు గదా! పూర్వం ఆటగాళ్ళు సంఘంవారు పంపినచోటికి పోయేవారు. ఇప్పుడు ఎక్కడ ఎక్కువ ఇస్తే అక్కడికి పోసాగారు. అమెరికాలో పెద్ద కంపెనీలూ, ధనికులూ కొత్త పోటీలు పెట్టారు. యూరపులో ఎండకాసే వూళ్ళలో మట్టికోర్టు పోటీలు బలిశాయి. ఏప్రిల్ నెలలో బోర్న్‌మత్‌లో చలి, వాన. వానలో తడుస్తూ బెంచీలమీద కూర్చునేవాళ్ళు ఎందరుంటారు?

అయినా అది వెంటనే పోలేదు. 1970లో మార్క్ కాక్సే గెలిచాడు. 1973లో ఇటలీవాడు పనాటా, 1974లో రుమేనియావాడు నస్టాసె గెలిచారు. రాను రాను గెలిచేవాళ్ళంతా మట్టిమీద పెరిగిన స్పెయిన్, ఇటలీ దేశాలవంటి చోట్లనుంచి వచ్చినవాళ్ళే అయినారు. గడ్డిమీద ఆట నేర్చుకున్న ఇంగ్లీషు కుర్రాళ్ళు, సొంత దేశంలోనే పరాయి నేలమీద ఆడినట్టు ఆడేవారు. 1983లో స్పెయిన్‌వాడు హిగెరాస్ గెలిచాక బోర్న్‌మత్‌లో ఆ పెద్ద పోటీ ఆగిపోయింది.

పదమూడేళ్ళ తర్వాత, 1996లో, అదే క్లబ్బులో అదే ఎర్రమట్టిమీద వేరే పేరుతో మగవాళ్ళ పోటీ ఒకటి పెట్టారు. ఈసారి ఏప్రిల్ వద్దని సెప్టెంబరుకు మార్చారు. మొదటి ఏడు స్పెయిన్‌వాడు ఆల్బర్ట్ కోస్టా, తర్వాతి రెండేళ్ళూ స్పెయిన్‌వాడే ఫెలిక్స్ మాంటిల్లా గెలిచారు. నాలుగో ఏడు, 1999లో, రుమేనియావాడు ఏడ్రియన్ వోయినియా గెలిచాడు. అంతటితో అదీ ఆగింది. వెస్ట్ హాంట్స్ క్లబ్బు మాత్రం బోర్న్‌మత్‌లో ఇప్పటికీ వుంది.