కామత్‌ఘర్‌లో ఒక యోసేపు

మా సంఘ పెద్దల్లో ఒకాయన ఈమధ్య ప్రభువునందు నిద్రించారు. పేరు రాయొద్దని ఇంటివారు కోరారు. జ్ఞాపకార్థ కూడికలో మేమంతా ఒకరి తర్వాత ఒకరం లేచి ఆయన ఓర్పును పొగిడాం. అంతా అయ్యాక ఆయన కూతురు మా దగ్గరికి వచ్చి అడిగింది: “అయ్యగారూ, నాయిన 40 ఏండ్లు సాంచాలు నడిపిండు. నడిపిండని చూపెట్టే కాగితం ఒక్కటీ లేదు. మీ దగ్గరేమన్నా ఉందా?”

మా దగ్గర బాప్తిస్మపు పుస్తకంలో ఆయన పేరుంది. అంతే.

నల్లగొండ జిల్లాలోని సొంతూళ్లో చేతిమగ్గం ఆగిపోతే 17 ఏళ్ల వయసులో మేనమామ వెంట భివండీ వచ్చారాయన. ఖోలీలో పగటి పాళీ వాళ్లు లేస్తే రాత్రి పాళీ వాళ్లు అదే చాప మీద ఒరిగేవారు. 12 గంటల పాళీ, నాలుగు సాంచాలు, కూలి మీటరు లెక్కన. కరెంటు పోతే ఆ గంటల కూలి పోయినట్టే. సాంచాల మోతకు నలభై దాటకముందే చెవులు మొద్దుబారాయి. వినబడనివాళ్లు గట్టిగా మాట్లాడతారు కదా, పిల్లలు జడుసుకుంటారని ఆయన మాట్లాడటమే తగ్గించుకున్నారట. ఈ సంగతి ఆయన భార్య చెప్పేదాకా మాకు తెలియదు. మితభాషి అనుకున్నాం.

రాత్రి పాళీ దిగి, తలలో దూది నుసితోనే కూతురిని బడికి తీసుకెళ్లేవారు. సాయంత్రం ఆమె పలక మీద రాసిన అక్షరాలు చూసి తానూ దిద్దుకున్నారు. తెలుగు బైబిలు కూడబలుక్కుని చదివింది ఆ అక్షరాలతోనే.

1984 మే నెలలో భివండీ తగలబడినప్పుడు కడుపుతో ఉన్న భార్యను వెంటబెట్టుకుని కల్యాణ్ వైపు నడిచారు. కొన్నాళ్లకు మళ్లీ ఇక్కడికే వచ్చారు. ఊరికి ఎందుకు పోలేదని అడిగితే, “పోతే ఏం తినాలె?” అన్నారొకసారి.

ఇలాంటి మనిషిని ఏమని పిలవాలి? 1975 తర్వాత వియత్నాం నుండి పిల్లల్ని గుండెలకు హత్తుకుని పడవలెక్కిన తండ్రుల కోసం 1979 జులైలో జెనీవాలో దేశాలన్నీ కూర్చుని మాట్లాడాయి. వాళ్లకు శరణార్థి అనే పేరైనా దక్కింది. 1951 నాటి ఒప్పందం ప్రకారం హింసకు భయపడి దేశం దాటినవాడే శరణార్థి. ఆకలికి భయపడి జిల్లా దాటినవాడు కాదు. అదే 1979లో మన దేశంలో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. అదీ కాంట్రాక్టరు తీసుకొచ్చినవాళ్లకే. మేనమామ తీసుకొస్తే వర్తించేది కాదు.

కార్ఖానాలో 10 మంది ఉంటే ఈఎస్‌ఐ, 20 మంది ఉంటే పీఎఫ్ అంటుంది చట్టం. అందుకే ఒకే కప్పు కింది సాంచాలు కాగితాల మీద తమ్ముడి పేరున కొన్ని, బావమరిది పేరున కొన్ని అవుతాయి. 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ కార్డులు వచ్చాయి కానీ అవి 59 ఏళ్ల లోపు వారికే. ఆయన అప్పటికే ఆ వయసు దాటేశారు.

ప్రతి క్రిస్మస్‌కు మన పిల్లలు యోసేపు వేషం కడతారు. గడ్డం, కర్ర, మాటల్లేని పాత్ర. నిజానికి సువార్తల్లో ఎక్కడా యోసేపు నోట ఒక్క మాటా లేదు. రాత్రికి రాత్రి తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు పోయాడు. హేరోదు చచ్చాక కూడా యూదయలో అర్కెలాయు ఏలుతున్నాడని భయపడి గలిలయలో తలదాచుకున్నాడు. ఆయన మౌనాన్ని మేము విధేయత అని బోధించాం. హేరోదు గురించి మాత్రం గట్టిగా బోధించలేదు.

దానికి కారణమూ ఉంది. మన సంఘాల్లో సాంచాలు నడిపేవాళ్లతో పాటు సాంచాల సేఠ్‌లూ కూర్చుంటారు. మందిరం పైకప్పుకు పెద్ద కానుక ఎవరిచ్చారో మాకు గుర్తే. ఓర్పు మీద ప్రసంగం ఎవరికీ నొప్పి కలిగించదు, సేఠ్‌లకైతే ఇంకా హాయి. యాకోబు పత్రికలో, బిగపట్టిన కూలి మొరపెడుతుందన్న ఐదో అధ్యాయం మీద మేము ఎన్ని ఆదివారాలు మాట్లాడాం? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

యవ్వనస్థులారా, మీలో చాలామంది ఆ కూలితో చదువుకున్నవాళ్లే. ఈ నెల నుండి ఆరాధన తర్వాత ఒక బల్ల వేస్తున్నాం. మీ నాయిన ఏ కార్ఖానాలో, ఏ సంవత్సరం నుండి, ఎన్ని సాంచాల మీద పని చేస్తున్నారో అడిగి రాయండి. పక్కన పనిచేసిన ఇద్దరి సంతకాలు పెట్టించండి. 59 దాటనివారికి ఈ-శ్రమ్ నమోదు అక్కడే చేయించండి. హిందువైనా, ముస్లిమైనా, పక్క సాంచా మనిషిని కూడా పిలుచుకు రండి. ఈ రాత చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందో వకీళ్లను అడుగుతాం. సేఠ్‌లైన సహోదరులను కూడా అదే బల్ల దగ్గర కూర్చోమని అడిగాం. ఒకరు ఒప్పుకున్నారు.

మొదటి పేజీ ఆయన కూతురే రాసింది. పనిచేసిన చోటు అనే గడిలో నాలుగు కార్ఖానాలు రాసి, ఐదోది గుర్తురాక, అమ్మను అడిగొస్తానని పుస్తకం తెరిచిపెట్టి ఇంటికి వెళ్లింది.