ఒక్క తాళంచెవితో ఎన్నాళ్లు?

నక్కపల్లి: పాత కారు కొనేవారు ఇంజను చూస్తారు, టైర్లు చూస్తారు, కాగితాలు తిప్పి చూస్తారు. తాళంచెవులు ఎన్ని ఇచ్చారన్నది మాత్రం అడగరు. బండి ఇంటికి చేరిన తరువాత చూసుకుంటే చేతిలో ఉండేది ఒక్కటే. కొత్తలో కంపెనీ ఇచ్చిన రెండోది ఇద్దరు ముగ్గురు యజమానులు మారేసరికి ఏ బీరువాలో ఉండిపోయిందో ఎవరికీ తెలియదు. ఆ ఒక్కటీ పోయిన రోజున కారు వాకిట్లో ఉన్నా లేనట్లే.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 కార్లు నడిపిన వారికి ఈ బెడద ఉండేది కాదు. డూప్లికేట్ తాళాలు చేసే మనిషి ఆకురాయి పట్టుకుని కూర్చుంటే కాసేపటికి రెండోది చేతికి వచ్చేది. నేడు పాత కార్లుగా చేతులు మారుతున్నవి ఆ కోవకు చెందినవి కావు. పది, పదిహేనేళ్ల నాటి కార్లలో చాలా వాటికి చిప్ ఉన్న తాళంచెవి, దానికి రిమోట్ ఉన్నాయి. అచ్చు అదే కోతతో మరొకటి చేయించినా తలుపు తెరుచుకుంటుందే గాని ఇంజను అందుకోదు. అందుకుని కూడా వెంటనే ఆగిపోతుంది.

మూడు పనులు, మూడు పరికరాలు

ఈ తాళంచెవిలో నిజానికి మూడు వస్తువులు ఉన్నాయి. మొదటిది ఇనుప భాగం. ఇది తలుపును, స్టీరింగు వద్ద తాళాన్ని తిప్పుతుంది. రెండోది ప్లాస్టిక్ పిడిలో దాగి ఉండే చిప్. దీనికి బ్యాటరీ లేదు. స్టీరింగు వద్ద తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి శక్తి తీసుకుని తన రహస్య సంఖ్యను కారులోని కంప్యూటరుకు చెబుతుంది. ఆ సంఖ్య సరిపోతేనే ఇంజను నడుస్తుంది. మూడోది రిమోట్. తలుపులు వేయడానికి, తీయడానికి మాత్రమే ఇది పనికివస్తుంది. దీనికి బిళ్ల బ్యాటరీ ఉంటుంది.

ఈ తేడా తెలియక పలువురు నష్టపోతున్నారు. బటన్ నొక్కితే తలుపు తెరుచుకోవడం లేదని కొత్త తాళంచెవికి వేల రూపాయలు పెట్టేవారున్నారు. ముందు బిళ్ల బ్యాటరీ మార్చి చూడాలి. దానికయ్యే ఖర్చు కొద్దిపాటిదే. చౌకగా దొరికిందని బజారులో రిమోట్ కొన్నా, అందులోని చిప్ రకం, రిమోట్ ఫ్రీక్వెన్సీ ఆ కారుకు సరిపోకపోతే అది ఆటబొమ్మతో సమానం. వేరే కారు నుంచి తీసిన పాత చిప్‌లలో చాలా వాటిని తిరగరాయడం కుదరదు.

ఒకటి ఉండగానే సులువు

పనిచేసే తాళంచెవి ఒకటి చేతిలో ఉండగా రెండోదానిని కారు కంప్యూటరులో నమోదు చేయించడం ఒక పూట పని. ఉన్న ఒక్కటీ పోతే కథ మారిపోతుంది. నక్కపల్లి 16వ నెంబరు జాతీయ రహదారి మీదనే ఉన్నా విశాఖపట్నం డెబ్బై కిలోమీటర్లకు పైబడిన దూరం. కదలని కారును వేరే బండికి కట్టి తీసుకుపోవాలి, లేదా పరికరం ఉన్న మనిషిని అక్కడి నుంచి రప్పించుకోవాలి. కొన్ని రకాల కార్లకు కంప్యూటరు భాగాన్నే మార్చవలసి వస్తుంది. తాళంచెవి ధరకు ఈ ఖర్చులు తోడవుతాయి. పాత కారు విలువతో పోల్చుకుంటే ఇది చిన్న దెబ్బ కాదు.

పాత కారును విలాస వస్తువు అనుకోవడం పొరపాటు. పల్లెల్లో అది అద్దె బండి, అవసరానికి రోగిని ఆసుపత్రికి చేర్చే బండి. అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చినప్పుడు తాళంచెవి దొరకకపోతే షోరూం తెరిచే దాకా ఎవరు ఆగగలరు?

కోడ్ ఎవరి చేతిలో?

కొత్త చిప్‌ను నమోదు చేయడానికి ప్రత్యేక పరికరం, చాలా కార్లకు రహస్య కోడ్ కావాలి. అవి కంపెనీల వద్ద, వాటి అధీకృత వర్క్‌షాపుల వద్ద ఉంటాయి. ఊళ్లోని మెకానిక్‌కు పనితనం ఉన్నా ఇక్కడ చేతులు కట్టేసినట్లే.

ఈ తగవు కొత్తది కాదు. విడిభాగాలను, పరీక్షా పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని షంషేర్ కటారియా అనే వినియోగదారుడు చేసిన ఫిర్యాదుపై భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న తీర్పు ఇచ్చింది. 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరు 24న కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పేరిట పోర్టల్ ప్రారంభించి, అందులో మోటారు వాహనాలనూ చేర్చింది. ఇన్ని జరిగినా మండల కేంద్రంలోని మెకానిక్ షెడ్డు వరకు ఆ ఫలం రాలేదు.

కోడ్ అందరికీ ఇస్తే దొంగలకు తాళంచెవి ఇచ్చినట్లే గదా అని కంపెనీలు అంటాయి. ఇందులో నిజం లేకపోలేదు. దొంగతనాలను అరికట్టడానికే ఐరోపా దేశాలు 1998 నుంచి కొత్త కార్లన్నింటికీ ఈ చిప్ కట్టడిని తప్పనిసరి చేశాయి. అయితే అమెరికాలో తాళాల పనివారి పూర్వాపరాలు విచారించి, పేర్లు నమోదు చేసి, వారికే కోడ్ అందించే పద్ధతి ఉన్నది. పని చేయించుకునే వ్యక్తి యజమాని అవునో కాదో చూసి, ఆ వివరాలు రాసి ఉంచాలి. భద్రతకూ భంగం లేదు, జనానికీ ఇబ్బంది లేదు. అటువంటి ఏర్పాటు ఇక్కడ ఎందుకు కుదరదు?

పైగా కొన్ని కంపెనీలు మన దేశంలో కార్ల అమ్మకాలే మానుకున్నాయి. షెవర్లే కార్ల అమ్మకం 2017తో ముగిసింది. ఫోర్డ్ ఇక్కడి తయారీని నిలిపివేస్తున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ కార్లు మాత్రం రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. బయటి పనివాడికి దారి తెరవకపోతే, షోరూములు తగ్గే కొద్దీ ఈ యజమానుల గతి ఏమిటి?

చేయవలసినవి

యాజమాన్య బదిలీకి నింపే 29వ నెంబరు ఫారంలో రిజిస్ట్రేషన్ పత్రం, బీమా పత్రం కొన్నవారికి అప్పగించినట్లు రాస్తారు. తాళంచెవుల మాట అందులో లేదు. ఎన్ని అప్పగించారో తెలిపే ఒక్క వాక్యం చేర్చితే ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఏమీ ఉండదు. సెకండ్ హ్యాండ్ వ్యాపారులు దాచడానికి వీలుండదు. విశాఖపట్నంతో సరిపెట్టకుండా నర్సీపట్నం, ఎలమంచిలి, తుని వంటి పట్టణాలలోనూ నమోదైన పనివారికి శిక్షణ, పరికరం, కోడ్ అందేలా రవాణా శాఖ, కంపెనీలు చూడాలి.

యజమానులు కూడా మేలుకోవాలి. బేరం కుదరక ముందే రెండో తాళంచెవి, కోడ్ రాసిన బిళ్ల అడగాలి. లేవంటే ఆ మేరకు ధర తగ్గించమనాలి. తాళంచెవి పోతే పోలీసులకు తెలియజేసి, కొత్తది చేయించేటప్పుడు పోయినదానిని కారు జ్ఞాపకం నుంచి తీసివేయించాలి. లేకుంటే అది దొరికిన వాడికి కారు దొరికినట్లే. కారు దొంగతనం జరిగితే బీమా కంపెనీలు తాళంచెవులన్నీ అప్పగించమంటాయి. ఒకటి తక్కువైతే ప్రశ్నలు తప్పవు. చిప్‌ను కారులోనే అతికించి ఏ తాళంచెవితోనైనా నడిచేలా చేస్తామనే వారి మాట వింటే ఉన్న రక్షణ కాస్తా పోతుంది. డబ్బు తీసుకుని పని చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం మనకు అలవాటు. కారు కొన్నవాడు దాని ఇంజనుతో పాటు దానిని నడుపుకునే హక్కునూ కొన్నాడు. రెండో తాళంచెవి కోసం జిల్లా దాటి వెళ్లి బ్రతిమాలుకోవలసిన దుస్థితి అతనికి ఉండరాదు. అధికారులు ఈ విషయమై ఆలోచించాలి. ఒక్క తాళంచెవే ఉన్నవారు మాత్రం అధికారుల కోసం ఎదురు చూడక, అది చేతిలో ఉండగానే రెండోది చేయించుకోవడం మంచిది.