మూసి లేవండి

చెన్నపట్నంలో మా తాతగారు బియ్యం మండీలో పద్దులు వ్రాసేవారు. దీపాలు పెట్టే వేళకు పుస్తకం మూసి, దారం చుట్టి, పెట్టెలో పెట్టనిదే వారు లేచేవారు కారు. ఆ బుద్ధి మాకు అబ్బలేదని ఈమధ్యనే తెలిసివచ్చింది.

మా ఆఫీసులో ఇప్పుడు పద్దులన్నీ సర్వరులో ఉంటున్నవి. ఎవరి బల్ల దగ్గరనుంచి వారు తెరచి పని చేసుకోవచ్చును. నెలాఖరు శుక్రవారంనాడు, "సాయంత్రం 6 గంటలకు సర్వరు మరమ్మతు. కరెంటు కూడా ఆపుతాము. ఫైళ్లన్నీ మూసి వెళ్లగలరు" అని నోటీసు వచ్చింది. చదివాము. చదివి కూడా, పింఛను బకాయిల పట్టిక తెరచి ఉండగానే తెరకు తాళం వేసి, లోకల్ రైలుకు పరుగెత్తాము.

సోమవారం చూస్తే, శుక్రవారం మధ్యాహ్నం ఎక్కించిన అంకెలు ఒక్కటీ లేవు! సర్వరు చూచే కుర్రవానిమీద మండిపడ్డాము. అతడు తమిళంలో నెమ్మదిగా చెప్పాడు: "మీ ఫైలు తెరచి ఉన్నట్లు నాకు కనబడింది సార్. రెండుసార్లు ఫోను చేశాను. మీరు ఎత్తలేదు."

నిజమే. సర్వరులో 'ఓపెన్ ఫైల్స్' అనే జాబితా ఉన్నది. ఏ ఫైలు ఎవరు తెరచారో అందులో తెలుస్తుంది. అక్కడినుంచే బలవంతంగా మూయవచ్చును కూడా. కాని మనం 'సేవ్' చేయని అంకెలు మన కంప్యూటరులోనే ఉంటవి, సర్వరుకు చేరవు. కరెంటు పోతే అవీ పోతవి. నడుమ నడుమ తానే కాపీ దాచుకొనే ఏర్పాటు ఎక్సెల్‌లో ఉన్నది. పని నిదానిస్తున్నదని దానిని ఆపించుకొన్నదీ మేమే!

ఆ పట్టికలో ఒక రిటైరైన అటెండరు బకాయి ఉన్నది. మనుమరాలి కాలేజీ ఫీజుకు ఆయన ఆ డబ్బే నమ్ముకొన్నాడు. బిల్లు ఆ నెల తప్పిపోయింది. సంగతి చెబితే, "పరవాలేదు బాబూ, వడ్డీకి తెచ్చి కట్టేశానులెండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ కుర్రవాని దగ్గరకు వెళ్లి తప్పు మాదేనని చెప్పి వచ్చాము.

కనుక ఆఫీసులకు వెళ్లే సోదర సోదరీమణులకు మా మనవి: తెరకు తాళం వేసినంతమాత్రాన ఫైలు మూసినట్లు కాదు. సేవ్ చేయండి, ఫైలు మూయండి, అప్పుడు లేవండి. అర నిమిషం పని. రైలు తప్పితే ఇంకొకటి వస్తుంది.