తొలి పోస్టింగ్ తండాలో వస్తే...

డీఎస్సీలో ర్యాంకు వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నారు. తీరా కౌన్సెలింగ్‌లో మీ వంతు వచ్చేసరికి రోడ్డు పక్క బడులన్నీ అయిపోయాయి. మిగిలినవాటిలో ఒకటి ఎంచుకోవాలి. చూస్తే అన్నీ ఎప్పుడూ వినని ఊళ్లు, పేరు చివర ‘తండా’ అని.

బాపట్ల జిల్లా కొల్లూరులోనో, తెనాలిలోనో, రేపల్లెలోనో కూర్చుని సిద్ధమైన అభ్యర్థికి ఇది ఊహించని పరిస్థితేమీ కాదు. డీఎస్సీ లెక్కలో మనం ఇంకా ఉమ్మడి గుంటూరు జిల్లావాళ్లమే. ఆ జిల్లాకు ఈ చివర కృష్ణా లంకలుంటే, ఆ చివర పల్నాడులో బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల సుగాలీ తండాలున్నాయి. కొల్లూరు నుంచి తెనాలి, గుంటూరు, నరసరావుపేట, వినుకొండ దాటి వెళ్లాలి. వంద కిలోమీటర్లు దాటే ప్రయాణం. జిల్లా ఒకటే కానీ నేల వేరు, పంట వేరు, ఇంట్లో మాట్లాడే మాట కూడా వేరు.

మెగా డీఎస్సీ-2025లో 16,347 పోస్టులకు 3.36 లక్షల మంది పోటీ పడ్డారు. 15,941 మంది ఎంపికయ్యారు. సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు అందుకుని, శిక్షణ పూర్తి చేసుకుని, అక్టోబరు 13న బడుల్లో చేరారు. వీరిలో ఎందరికో మొదటి బడి ఏ తండాలోనో, ఏ కొండ ఊరిలోనో ఉంది. ‘ఎప్పుడు బదిలీ చేయించుకుందామా’ అన్న ఆలోచన చేరిన రోజే మొదలవుతుంది. అది సహజమే. అయితే ఆ ఆలోచనతోనే రోజులు గడిపేస్తే నష్టపోయేది ఎవరు? దీనికి జవాబు మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది.

ఒక జీవో చెప్పే పాఠం

పోటీ పరీక్షలు రాసేవారికి జీవో నంబరు 3 తెలిసే ఉంటుంది. 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని జారీ చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచరు పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్నది దాని సారాంశం. అంతకుముందు 1986లోనూ ఇలాంటి ఉత్తర్వే వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ జీవోను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని మాత్రం కదిలించలేదు.

పరీక్షకు ఇంతవరకు తెలిస్తే చాలు. ఉద్యోగానికి మాత్రం ఇంకో ప్రశ్న కావాలి. అసలు ఆ జీవో ఎందుకు పుట్టింది? మైదానం నుంచి వచ్చిన టీచర్లు ఏజెన్సీ ఊళ్లలో ఉండకపోవడం, బడికి సరిగ్గా రాకపోవడం అప్పట్లో ప్రభుత్వం చెప్పుకున్న ప్రధాన కారణాల్లో ఒకటి. అక్కడే పుట్టినవాడైతే ఊరు విడిచి వెళ్లడు, పిల్లల భాష వచ్చు, బడి రోజూ తెరుస్తాడు. లెక్క అంత సూటిగా ఉంది.

2025లో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు మన్యంలో గిరిజన సంఘాలు ప్రత్యేక డీఎస్సీ కోసం ఆందోళనకు దిగిందీ, బంద్ పాటించిందీ ఈ నేపథ్యంలోనే. అది ఉద్యోగాల కోసం పోరాటమే, కాదనలేం. దాని వెనక ‘మా పిల్లల ముందు నిలబడే టీచరు మా ఊళ్లో ఉంటాడా’ అన్న పాత అనుమానం కూడా ఉంది. కోర్టు తీర్పుతో తలుపు తెరుచుకుంది కానీ ఆ అనుమానం తీరలేదు.

పల్నాడు తండాలు షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి రావు కాబట్టి జీవో 3 అక్కడ ఎప్పుడూ లేదు. అనుమానం మాత్రం అక్కడా అదే. చిన్న ఊరి ప్రాథమిక బడిలో తరచూ ఒక్కరే టీచరు. ఆయన వినుకొండలోనో, నరసరావుపేటలోనో ఇల్లు తీసుకుని బండి మీద వచ్చిపోతుంటారు. బండి పంక్చరైతే బడి ఆలస్యం. ఒంట్లో బాగాలేకపోతే ఆ రోజు బడే లేదు. పట్నంలో పదిమంది టీచర్లున్న బడిలో ఒకరు సెలవు పెడితే పిల్లలు పక్క తరగతిలో కూర్చుంటారు. తండాలో అయితే గొర్రెల వెంటో, చేలోకో వెళ్తారు. వెళ్లడం అలవాటైతే తిరిగి బడికి రావడం కష్టం.

దూరం కిలోమీటర్లలో లేదు

చేరిన తొలి వారం చాలామంది కొత్త టీచర్లకు ఎదురయ్యే అనుభవం ఒకటుంది. ఒకటో తరగతి పిల్లాడిని ఏదో అడుగుతారు. వాడు పలకడు. ‘మొద్దు’ అనో, ‘బెదురు’ అనో అనుకుంటారు. నిజానికి వాడికి మీ మాట అర్థం కాలేదు. సుగాలీ ఇంట్లో అమ్మ ‘యాడి’, నీళ్లు ‘పాణి’. వాళ్ల భాష ఇండో ఆర్యన్ కుటుంబానికి చెందినది, హిందీకి, రాజస్థానీకి చుట్టం. ద్రావిడ భాష అయిన తెలుగుకి పుట్టుకతో సంబంధం లేదు. అక్షరాలు దిద్దించకముందే ఆ పిల్లాడు ఒక పరాయి భాష నేర్చుకోవాల్సి వస్తోంది. దాని మీద ఇంగ్లిష్ మీడియం పుస్తకం. ఆరేళ్లవాడి నెత్తిన మూడు భాషలు.

విద్యాహక్కు చట్టం సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించమంటోంది. జాతీయ విద్యావిధానం-2020 కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాష ఉండాలంటోంది. మన రాష్ట్రం ఈ దారిలో అంతకుముందే నడిచింది. 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో, 240 బడుల్లో బహుభాషా విద్య కార్యక్రమం మొదలైంది. ఆయా భాషల మాటలను తెలుగు లిపిలో రాసి వాచకాలు తయారుచేశారు. విభజన తర్వాత సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒడియా, సుగాలీ భాషలు ఆంధ్రప్రదేశ్ వాటాకి వచ్చాయి. పుస్తకం ఉన్నా దాన్ని పలికే టీచరు లేకపోతే అది బీరువాలోనే ఉంటుంది.

వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మనకు తెలిసిన గిడుగు రామమూర్తి నిజానికి ఈ పనిలో మనకు తొలి సీనియర్. పర్లాకిమిడిలో టీచరుగా ఉన్నప్పుడు సవరలతో పరిచయమైంది. వాళ్ల మాట తనకు రావడం లేదని గ్రహించి, కూర్చుని నేర్చుకున్నారు. వాళ్ల భాషలో వాచకాలు రాశారు, బడులు నడిపారు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. శిక్షణ కాలేజీ నుంచి ఎవరో వచ్చి చెబితే చేసిన పని కాదది. మనం ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనేది ఈ సవర పంతులు పుట్టినరోజునే.

ఏకలవ్య బడుల్లో మనమే పరాయివాళ్లం

ఈ సమస్య డీఎస్సీతో ఆగదు. గిరిజన విద్యార్థుల కోసం కేంద్రం నడిపే ఏకలవ్య ఆదర్శ గురుకులాలు ఆంధ్రప్రదేశ్‌లో 28 ఉన్నాయి. వాటి టీచర్లను ఇప్పుడు జాతీయ స్థాయి పరీక్షతో ఎంపిక చేస్తున్నారు. 2023లో పదివేలకు పైగా పోస్టులకు, 2025లో 7,267 పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. మొదటి విడతలో ఎంపికైన ఉత్తరాది అభ్యర్థులను దక్షిణాది బడుల్లో వేయడం మీద 2024లో పెద్ద చర్చే జరిగింది. తెలుగు రాని టీచరు, హిందీ రాని పిల్లలు, ఇద్దరికీ అంతంతమాత్రం వచ్చిన ఇంగ్లిష్‌తో పాఠం ఎలా సాగుతుందన్నది అప్పటి ప్రశ్న.

మనవాళ్లు ఈ పరీక్ష రాస్తే పరిస్థితి తలకిందులవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోనో, ఝార్ఖండ్‌లోనో పోస్టింగ్ రావచ్చు. అక్కడ భాష రాని కొత్త పంతులు మనమే. దరఖాస్తు నింపేముందే ఈ మాట మనసులో పెట్టుకోవడం మంచిది.

మొదటి వంద రోజులు

చేరినవారికి, చేరబోయేవారికి పనికొచ్చే కొన్ని సంగతులివి.

ఊళ్లో ఉండండి. అద్దె ఇల్లు దొరక్కపోతే కనీసం మొదటి మూడు నెలలు పక్క ఊళ్లోనైనా ఉండండి. సాయంత్రం ఆరుకు కూడా కనిపించే టీచరునే ఊరు తన మనిషి అనుకుంటుంది.

మొదట నాయక్‌నీ, కార్‌భారీనీ కలవండి. తండాలో వీరి మాటకు విలువుంది. ‘మీ పిల్లల్ని పంపండి’ అని మీరు పదిసార్లు చెప్పినదానికంటే వాళ్లు ఒకసారి చెబితే ఎక్కువ పని జరుగుతుంది. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికీ, శ్రావణంలో తీజ్‌కీ సెలవు చూసుకుని ఇంటికి రాకుండా అక్కడే ఉండి చూడండి.

రోజుకు ఐదు మాటలు నేర్చుకోండి. నేర్పే పంతులు మీ తరగతిలోనే ఉన్నాడు. ‘దీన్ని మీ ఇంట్లో ఏమంటారు’ అని అడిగితే, ఇప్పటిదాకా నోరు విప్పని పిల్లాడు లేచి నిలబడి చెబుతాడు. వాడికి తెలిసి మీకు తెలియనిది ఒకటుందని తరగతికి అర్థమైన రోజు నుంచి బడి మారుతుంది. ఆ మాటలను తెలుగు లిపిలో చార్టు మీద రాసి గోడకు అతికించండి.

వలసల క్యాలెండర్ రాసుకోండి. మిర్చి కోతలు మొదలైతే పిల్లలు అమ్మానాన్నల వెంట చేలకు పోతారు. ఎవరి ఇల్లు ఏ నెలలో తాళం పడుతుందో ముందే తెలిస్తే, సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ కోసం సమయానికి అడగగలుగుతారు.

బదిలీ గురించి బెంగ వద్దు. కేటగిరీ-4 బడిలో ఏడాదికి 5 పాయింట్లు, కేటగిరీ-1లో ఒక్కటే. టీచరు ఒకేచోట గరిష్ఠంగా 8 విద్యా సంవత్సరాలే ఉండాలి. మారుమూల గడిపిన కాలం మీ లెక్కలోకి వస్తుంది. పిల్లల లెక్కలోకి కూడా వచ్చేలా చూడడం మీ చేతుల్లో ఉంది.

సర్కారు వాటా

అంతా టీచరు మీదే నెట్టేస్తే అన్యాయమే. ఎస్‌జీటీ ప్రారంభ మూలవేతనం రూ.32,670. గ్రామంలో ఇంటద్దె భత్యం 10 శాతం, అంటే రూ.3,267. డబ్బు సరిపోతుందా లేదా అన్నది తర్వాతి మాట, అసలు చాలా తండాల్లో అద్దెకు ఇచ్చే ఇల్లే ఉండదు. ఒంటరిగా ఉండాల్సిన ఆడపిల్లకైతే తలుపున్న గది, మరుగుదొడ్డి, రాత్రి ఫోన్ సిగ్నల్ మొదటి అవసరాలు. వాటిని సౌకర్యాలని అనడానికి లేదు. బడి ఆవరణలో రెండు గదుల క్వార్టర్ కడితే మారుమూల హాజరు సమస్య చాలావరకు తీరుతుంది. ముఖం చూపించి హాజరు వేసే యాప్ టీచరు వచ్చారా లేదా అని చెబుతుంది. ఉండడానికి చోటుందా అని అడగదు.

శిక్షణ సంగతీ అంతే. గిరిజన ఆవాసాలకు వెళ్లేవారికి చేరకముందే స్థానిక భాషలో రెండు మూడు వారాల పరిచయ తరగతులు పెట్టడం అసాధ్యం కాదు. పుస్తకాలు ఇరవై ఏళ్ల క్రితమే తయారయ్యాయి. నేర్పగలిగిన గిరిజన టీచర్లూ ఉన్నారు.

కొల్లూరు పిల్లలకు తెలిసిన పాఠమే

నిజానికి మారుమూల అంటే ఏమిటో కొల్లూరు యువతకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు లంకల్లో అరటి, పసుపు, కంద తోటలు మునిగాయి. చప్టాలు మునిగితే లంకకు పడవే దిక్కు. టీచరు అవతలి గట్టున, పిల్లలు ఇవతలి గట్టున ఉండిపోయిన రోజులు ఇక్కడివారికి తెలుసు. వరద తగ్గాక బురద కడుక్కుని బడి తెరిచిన పంతులమ్మను ఏ లంక ఊరూ మర్చిపోదు.

గిరిజన పిల్లల కోసం వినుకొండ దాకా వెళ్లక్కర్లేదు కూడా. మన డెల్టాలోనే కాలవగట్ల మీద యానాది కుటుంబాలున్నాయి. కొల్లూరు చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో పనికి వచ్చిన వలస కూలీల పిల్లలున్నారు. బడి అరకిలోమీటరులో ఉన్నా వాళ్లకూ అది దూరమే. తండాలో పనిచేసి వచ్చిన టీచరు రేపు బదిలీ మీద ఇక్కడికొస్తే, ఆ పిల్లలను ‘మీ ఇంట్లో దీన్ని ఏమంటారు’ అని అడగడం అలవాటై ఉంటుంది.

కౌన్సెలింగ్‌లో తెలియని పేరు కనిపించినప్పుడు కాస్త గుర్తు చేసుకోండి. మైదానం పంతులు ఊళ్లో ఉండడన్న అనుమానం మీద ఒకప్పుడు ఒక జీవోనే వచ్చింది. కోర్టు ఆ జీవోను కొట్టేసింది. అనుమానాన్ని కొట్టేయాల్సింది మాత్రం తండాలో ఇల్లు తీసుకుని, రేపు ఉదయం బడి తాళం తీసే మీరే.