మొదటి పండు విత్తనానికి

మా మామ్మ టమాటాని చివరిదాకా రామములక్కాయనే అంది. ఆ మాట వింటే ఇప్పటికీ నా కళ్లముందు మెదిలే కాయ వేరు. తొనలు తొనలుగా అణిగి, తొడిమ చుట్టూ ఆకుపచ్చ పట్టీతో, వేలితో నొక్కితే రసం చిమ్మేది. నాలుగు కాయలు పిసికి చారు పెడితే చింతపండు జోలికి పోనక్కర్లేదు. ఇప్పుడు బజారులో దొరికేది గట్టిగా, నున్నగా, ఒకే ఎరుపులో ఉంటుంది. దాంతో చారు పెట్టాలంటే ముందు చింతపండు నానబెట్టుకోవాలి.

ఆ పచ్చ పట్టీ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కాయంతా ఒకేసారి, ఒకే రంగులో పండాలని దశాబ్దాలుగా రకాలు ఎంపిక చేస్తూ వచ్చారు. ఆ ఎంపికలో, పచ్చికాయలో పత్రహరితాన్ని పెంచే జన్యువు ఒకటి చెడిపోయిందని 2012లో ‘సైన్స్’ పత్రికలో శాస్త్రవేత్తలు రాశారు. పచ్చికాయ కూడా ఆకులాగే ఎండ తాగి కాస్త చక్కెర చేసుకుంటుంది. పచ్చదనం తగ్గితే ఆ తీపీ తగ్గుతుంది. మచ్చ అనుకుని పోగొట్టుకున్నది రుచిని.

రైతును తప్పుపట్టను. మదనపల్లె మార్కెట్ నుంచి లారీలో వందల కిలోమీటర్లు పోవాల్సిన కాయకు తోలు మందంగానే ఉండాలి. మన మిద్దె మీది కుండీ నుంచి పొయ్యి దాకా ఎంత దూరం? పట్టుమని పదహారు మెట్లు. అక్కడ కూడా లారీ కాయనే పెంచుతున్నామే అన్నదే నా బాధ.

హైబ్రిడ్ పండులోని గింజ మొలవదని కాదు. మొలుస్తుంది, కానీ ఒక్కో మొక్క ఒక్కో తీరున కాస్తుంది. అందుకే ఏటా ప్యాకెట్ కొనక తప్పదు. నాటు రకం గింజ తల్లిని పోలే వస్తుంది. బీర, సొర గింజలు దాచాలంటే పక్క పాదుల పుప్పొడి కలుస్తుందేమోనన్న భయం ఉంటుంది. టమాటా పువ్వు మాత్రం చాలావరకు తన పుప్పొడితోనే పిందె కడుతుంది. నాటు గింజ దొరక్కపోతే పూసా రూబీ, అర్క వికాస్ లాంటి సూటి రకాలు వేసుకున్నా, గింజ దాచుకోవచ్చు.

ఏ పండు గింజ దాచాలన్నదే అసలు సంగతి. మంచివన్నీ కూరకు వాడేసి, ఆఖర్న మొక్కకు మిగిలిన గిడసబారిన కాయను విత్తనానికి వదులుతాం. మామ్మ అలా ఒప్పుకునేది కాదు. ఆకుముడత పక్క మొక్కల్ని ముంచేసినా నిలబడ్డ మొక్క చూసి, దాని తొలి కాపులో మంచి కాయకు గుడ్డపీలిక కట్టేది. దాన్ని ఇంట్లో ఎవరూ కోయకూడదు.

బాగా మాగిన పండును గ్లాసులోకి పిండి, కాసిని నీళ్లు పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. పైన తెల్లటి బూజు పొర కడుతుంది, కంగారు పడకండి. మొలకను ఆపే జిగురు గింజ చుట్టూ ఉంటుంది, పులిస్తేనే అది వదులుతుంది. తేలినవి పారబోసి, అడుగున నిలిచినవి కడిగి, పళ్లెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీద వద్దు, అంటుకుపోతాయి. తొలిసారి నేను గ్లాసు సంగతి మరిచి వారం వదిలేస్తే గింజలు ఆ నీళ్లలోనే మొలకెత్తాయి. ఒక కాపు విత్తనం అలా పోయింది. ఆరినవాటిని సీసాలో పోసి, చెమ్మ తగలకుండా ఉంచితే నాలుగేళ్లు ఢోకా లేదు.

మా ఇంట్లో ఉన్న సీసా మామ్మది కాదు. ఆమె తర్వాత ఆ గింజలు ఎవరమూ దాచలేదు. ఇవి ఊరి సంతలో ఒక ముసలావిడ గంపలో దొరికిన పండ్లవి. వినాయక చవితి వెళ్లాక నారు పోశాను, ఆరో రోజున మొలకలు మెడ వంచుకుని పైకొచ్చాయి. సంక్రాంతికి కాయలు అందుతాయి. మిగిలిన గింజలు తలో పదీ పొట్లాలు కట్టి వీధిలో నాలుగిళ్లకు ఇచ్చాను. ఈసారి మా కుండీల్లో ఆకుముడత వచ్చినా, ఎవరో ఒకరి మిద్దె మీద ఈ కాయ మిగలాలి.