నవ్వు కూడా డ్యూటీలో భాగమేనా?

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అన్న సామెతను ఆడపిల్లలకు చెప్పినంతగా మగపిల్లలకు చెప్పగా నేను వినలేదు. ఇప్పుడా సామెత శిక్షణ తరగతుల రూపంలో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల గేట్లు దాటి లోపలికి వచ్చింది. పనిచోట మాటామాటా పెరిగితే ఎలా చల్లబరచాలి అన్న విషయం మీద మహిళా కార్మికులకు తరగతులు జరుగుతున్నాయి. కొన్ని కంపెనీలు పెట్టేవి, కొన్ని మనలాంటి సంస్థలే పెట్టేవి. అన్నిటిలోనూ దాదాపు ఒకటే పాఠం. నవ్వుతూ పలకరించండి. ముందు ఎదుటి మనిషిలో ఏదో ఒకటి మెచ్చుకోండి, ఆ తర్వాత మీ మాట చెప్పండి. సూపర్‌వైజర్ కోపంగా ఉంటే ఆయన మీదున్న ఒత్తిడిని అర్థం చేసుకోండి. ఈ పాఠం మీద నాకు అభ్యంతరం ఉంది.

మెచ్చుకోవడం చెడ్డదని కాదు. ఇస్నాపూర్‌లో పొద్దున్నే షేర్ ఆటో ఎక్కే ఆడవాళ్ళను చూడండి. ఒకరి జడలో పూలో, ఒకరి కొత్త చీరో, ఒకరి టిఫిన్‌లో పచ్చడో, ఏదో ఒకటి మెచ్చుకోకుండా బండి కదలదు. శ్రీకాకుళం నుంచి వచ్చినామె, ఒడిశా నుంచి వచ్చినామె, నారాయణఖేడ్ నుంచి వచ్చినామె ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైనా ఆ కబుర్లతోనే దగ్గరవుతారు. అక్కడ ఎవరూ ఎవరికీ భయపడడం లేదు కాబట్టి దానికి లెక్కలుండవు.

షెడ్డులోకి వెళ్ళాక ఆ మెచ్చుకోలు కింది నుంచి పైకి పోవడం మొదలుపెడుతుంది. ప్యాకింగ్ లైన్లో పనిచేసే ఒకామె నాతో అంది: "బాత్రూంకు పోవాలన్నా సార్ మూడ్ చూడాలె అక్కా. 'సార్, ఇయ్యాల షర్టు మంచిగున్నది' అంటే నవ్వుతడు. అప్పుడు అడగాలె." ఆమె దీన్ని ఫిర్యాదుగా చెప్పలేదు. పక్కనున్న కొత్త అమ్మాయికి పనికొస్తుందని చిట్కాగా చెప్పింది. బతకనేర్చిన ఆ తెలివిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ ఆ షర్టు మీద పొగడ్త దేనికి కట్టిన వెల? ఆడవాళ్ళకు వేరుగా, ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ అందుబాటులో మరుగుదొడ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్‌లోనే రాశారు. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కోడ్ కూడా మరుగుదొడ్ల బాధ్యతను యజమాని మీదే ఉంచింది. అంతకాలంగా చట్టంలో ఉన్నదాన్ని ఆమె రోజూ ఒక పొగడ్త పెట్టి కొనుక్కుంటోంది. కొనుక్కున్న ప్రతిసారీ అది హక్కు కాకుండా పోయి సార్ దయగా మారుతోంది. సెలవు, పీఎఫ్ వివరాలు, ఓవర్‌టైం డబ్బులు, అన్నీ ఈ దారినే పడుతున్నాయి.

బాత్రూం సంగతి చిన్నదే కదా అనుకునేవాళ్ళుంటారు. యంత్రం వేడెక్కుతోందనో, వాసన తేడాగా ఉందనో చెప్పడానికి కూడా సార్ మూడ్ చూడాల్సి వస్తే ఏమవుతుంది? 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయాక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆ ప్రమాదానికి కారణం ఇదని నేననడం లేదు, అది తేల్చాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు. మంచి మాట తగిలించకపోతే ఏ మాటా వినబడని చోట, ముఖ్యమైన మాటలు ఎన్ని గొంతులోనే ఉండిపోతాయో అని మాత్రమే నా ఆలోచన. ఈ ప్రాంతం గురించి ఇన్నేళ్ళూ రాసిందంతా నక్కవాగులో కలిసిన విషం గురించే. రాయాల్సిందే. షెడ్డు లోపల నడిచే మాటల గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు.

'అన్నా' అన్న పిలుపునే తీసుకోండి. లేబర్ కాంట్రాక్టర్‌ని చాలామంది ఆడవాళ్ళు అలాగే పిలుస్తారు. అందులో గౌరవముంది, కొంత కాకా పట్టడం ఉంది, అన్నిటికంటే ఎక్కువగా కాపుదల ఉంది. నన్ను చెల్లెలిగా చూడు, ఇంకోలా చూడకు అని వేడుకోవడం అది. కానీ అన్న అన్నాక ఆదివారం పనికి రమ్మంటే కాదనడం కష్టం. ఓవర్‌టైం అడిగితే "నాతోని లెక్కలు చూస్తవా చెల్లే" అంటాడు. చుట్టరికం కలిపిన పాపానికి కూలి తగ్గుతుంది. పైనుంచి కిందికి వచ్చే పొగడ్త కూడా ఇలాంటిదే. "నీ చేతిల పడితే లైను ఆగది" అన్నాడంటే ఆమె ముందు ఇంకో నాలుగు పెట్టెలు చేరబోతున్నాయన్నమాట.

అమెరికాలో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లను, అప్పులు వసూలు చేసేవాళ్ళను పరిశీలించి 1983లో ఒక పుస్తకం రాసింది. మొదటివాళ్ళకు నవ్వడం నేర్పిస్తారు, రెండోవాళ్ళకు గద్దించడం నేర్పిస్తారు; రెండూ జీతం కోసం మనసును మలుచుకునే శ్రమేనని ఆమె చెప్పింది. ఎయిర్ హోస్టెస్ నవ్వుకు కనీసం జీతంలో లెక్క ఉంది. మన ప్యాకింగ్ లైన్లో ఆమెను డబ్బాలు నింపడానికి పెట్టుకున్నారు. నవ్వు కూలి లేని అదనపు పని.

ఆ నవ్వే తర్వాత ఆమె మీద సాక్ష్యమవుతుంది. 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. చట్టం అడిగేది ఆ ప్రవర్తన ఆమెకు ఇష్టం లేనిదా అని. విచారణల్లో తరచూ వినబడేది మాత్రం "ఆయన జోకేస్తే నువ్వూ నవ్వినవు కదా?" అని. నవ్వకపోతే పని పోయే చోట నవ్వు ఇష్టానికి గుర్తెలా అవుతుంది? అదే చట్టం 3వ సెక్షన్ ఉద్యోగంలో మేలు చేస్తానని, లేదా కీడు చేస్తానని పరోక్షంగా సూచించడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కమిటీల్లో కూర్చునే మన స్నేహితులు దాన్ని మళ్ళీ ఒకసారి చదవాలి. ఇంకొకటి: ఫిర్యాదుకు గడువు మూడు నెలలే. వరసగా జరుగుతుంటే చివరి సంఘటన నుంచి లెక్క. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకూ పెంచవచ్చు. పోనీలే అని నవ్వి సర్దుకున్న రోజులు కూడా ఆ గడువులోనే ఖర్చయిపోతాయి. కొత్త కోడ్ ప్రకారం రాత్రి ఏడు తర్వాత ఆడవాళ్ళ చేత పని చేయించాలంటే వాళ్ళ సమ్మతి కావాలి. సార్‌ని నొప్పించకూడదని నేర్పించిన మనిషి ఆ సమ్మతి కాగితం ముందుకొస్తే వద్దని ఎలా అంటుంది?

"మొహం మాడ్చుకుంటే రేపు గేటు కాడనే ఆపుతరు" అని ఆడవాళ్ళు నాతో అంటారు. నిజమే. అపాయింట్‌మెంట్ లెటర్ కూడా లేని కాంట్రాక్టు మనిషిని నువ్వొక్కదానివే నవ్వడం మానెయ్ అని చెప్పడం అన్యాయం. నేను మారమంటున్నది తరగతులు పెట్టే మనల్ని. పొగిడి అడగడం బదులు ముగ్గురు కలిసి వెళ్ళి అడగడం నేర్పిద్దాం. అడిగింది కాగితం మీద పెట్టి, తేదీ వేసి, ఒక కాపీ దగ్గరుంచుకోవడం నేర్పిద్దాం. అరవకుండా పని చెప్పడం ఎలాగో సూపర్‌వైజర్లకు తరగతి పెట్టమని కంపెనీలను అడుగుదాం. ఇన్నేళ్ళలో అలాంటి తరగతికి నన్నొక్కరూ పిలవలేదు.

బోర్డు సంగతి కూడా ఉంది. పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దాన్ని నియమించిన ఉత్తర్వు అందరికీ కనబడేలా పెట్టాలి అని 2013 చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. పదిమంది లేని చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదైతే, జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది కాబట్టి "మీరు మా మనుషులు కారు" అన్న జవాబు చెల్లదు. వచ్చే మూడు నెలల్లో మనం వెళ్ళే ప్రతి ఫ్యాక్టరీలో ఆ బోర్డు ఎక్కడుందో అడుగుదాం. మేనేజర్ గదిలో కాదు, ఆడవాళ్ళ బాత్రూం తలుపు పక్కన, తెలుగులో, హిందీలో, ఒడియాలో రాసి పెట్టమందాం.