ఒకరి తప్పుకు ఇంటిల్లిపాదీ రోడ్డున పడాలా?

పర్లీ రక్కర్‌కు అప్పటికి 63 ఏళ్లు. అమెరికాలోని ఓక్‌లాండ్ నగరంలో 1985 నుంచీ ప్రభుత్వ అద్దె ఇంట్లో ఉంటున్నారు. మానసిక వైకల్యం ఉన్న కూతురు కూడా ఆమె దగ్గరే. పిల్ల మత్తుమందుల జోలికి పోతుందేమోనన్న భయంతో ఆ తల్లి తరచూ గదంతా గాలించేవారు. దొరికావంటే ఇల్లు పోతుందని హెచ్చరించేవారు కూడా. ఆ కూతురే ఒకరోజు ఇంటికి మూడు వీధుల అవతల కొకైన్‌తో పట్టుబడింది. ఖాళీ చేయమన్న నోటీసు మాత్రం తల్లి పేరున వచ్చింది.

ఇలాంటి నోటీసుపై కోర్టుకెళ్లింది ఆమె ఒక్కరే కాదు. మనవళ్లు పార్కింగ్ స్థలంలో గంజాయి తాగారని ఇద్దరు అమ్మమ్మలు, ఒంట్లో సత్తువలేని తనకు సాయంగా ఉండే మనిషి దగ్గర కొకైన్ దొరికిందని 75 ఏళ్ల పెద్దాయన కోర్టుకెక్కాల్సి వచ్చింది.

ఇంట్లోవాళ్లు మత్తుమందులతో దొరికితే అద్దెదారును ఖాళీ చేయించవచ్చన్న ఈ నిబంధన 1988 నాటి మత్తుమందుల నిరోధక చట్టంలోది. 1996లో అధ్యక్షుడు క్లింటన్ ‘ఒక్క తప్పు చేసినా బయటికే’ అంటూ దానికి పదును పెట్టారు. 2002 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 8-0 ఓట్లతో తేల్చేసింది: ఇంట్లోవాళ్ల తప్పు అద్దెదారుకు తెలిసినా తెలియకపోయినా ఖాళీ చేయించవచ్చు. కూతురు జైలుకెళ్లడంతో రక్కర్‌పై చర్యను అధికారులు అప్పటికే విరమించుకున్నారు. తీర్పు వచ్చాక గృహనిర్మాణ మంత్రి మెల్ మార్టినెజ్ స్వయంగా హౌసింగ్ అథారిటీలకు లేఖ రాశారు. ఖాళీ చేయించడం చిట్టచివరి మార్గంగానే ఉండాలన్నారు. కోర్టు ఇచ్చిన కత్తిని ఆచితూచి వాడమని ప్రభుత్వమే చెప్పుకోవాల్సి వచ్చింది!

అలాగని ఇరుగుపొరుగు గోడును కొట్టిపారేయలేం. పై అంతస్తు నుంచి చెత్త సంచి వచ్చి ఆరేసిన బట్టల మీద పడుతుంటే, అర్ధరాత్రి మెట్ల మీద తాగి అరుస్తుంటే, తెల్లారి డ్యూటీకి పోవాల్సిన మనిషి ఏం చేయాలి? డబ్బున్నవాడు ఇల్లు మారతాడు. ప్రభుత్వ ఇంట్లో ఉన్నవాడికి ఆ వీలెక్కడిది? వాళ్లకు రక్షణ కల్పించాల్సిందే.

ఇందుకోసం హాంకాంగ్ 2003లో, సార్స్ అంటువ్యాధి విజృంభించిన ఏడాది, ప్రభుత్వ అద్దె ఇళ్లలో పాయింట్ల పద్ధతి తెచ్చింది. తప్పు తీవ్రతను బట్టి పాయింట్లు పడతాయి. పై నుంచి ప్రమాదకర వస్తువు విసిరితే ఏకంగా 15. రెండేళ్లలో 16కు చేరితే ఇల్లు వదులుకోవాల్సి రావచ్చు. కఠినమే అయినా, ఓక్‌లాండ్ కంటే ఇది మేలు. చిన్న తప్పుకు చిన్న శిక్షే పడుతుంది, దిద్దుకోవడానికి వ్యవధీ ఉంటుంది.

అంతకంటే మేలైన పని స్కాట్లాండ్‌లోని డండీలో జరిగింది. అక్కడ 1990ల్లోనే, గొడవల వల్ల ఇల్లు పోయే స్థితికొచ్చిన కుటుంబాల కోసం ఒక ప్రత్యేక పథకం మొదలైంది. మరీ ఇబ్బందుల్లో ఉన్న కొద్ది కుటుంబాలను ఒకే భవనంలో ఉంచారు. సిబ్బంది కూడా అక్కడే ఉండి తాగుడు, పిల్లల పెంపకం, అప్పుల వంటి చిక్కులను దగ్గరుండి విడదీశారు. మిగతా కుటుంబాల దగ్గరికి ఇంటికే వెళ్లేవారు. గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి ఇది పనిచేస్తోందన్నారు. అదే ఖాళీ చేయిస్తే, రోడ్డున పడ్డ కుటుంబం ఎక్కడికి పోతుంది? మరో బస్తీకి. గొడవా వెంటే పోతుంది.

ఇది మనకూ అక్కరకొచ్చే పాఠమే. హైదరాబాద్ శివారు కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి, 2023 జూన్‌లో ప్రారంభించారు. అక్కడున్నది కిరాయిదారులు కాదు, లబ్ధిదారులు. అయినా వేర్వేరు బస్తీల నుంచి వచ్చి, లిఫ్టూ నల్లా మెట్లూ పంచుకోవాల్సినవాళ్లే. ఇలాంటి కాలనీ కట్టిన ప్రతిచోటా, తాళాలిచ్చే నాడే, తగాదా మొదట్లోనే తలుపు తట్టి మాట్లాడే సిబ్బందిని కూడా ప్రభుత్వం నియమించాలి. అన్నీ అయ్యాక పోలీసులను పంపితే చాలదు.